ఊబకాయం, తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా: బిడ్డ క్షేమం కోసం తొలి వారాల నుంచి కాన్పు తర్వాతి వరకు ఏం చేయాలి

గర్భం 20 వారాలు దాటాక బీపీ కొత్తగా పెరిగి, దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోవడమో, కాలేయం, మూత్రపిండాలు, రక్తకణాల వంటివి దెబ్బతినడమో మొదలైతే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. నాలుగు గంటల ఎడంతో రెండుసార్లు చూసినా బీపీ 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అనుమానించాలి. బీపీ 160/110కి చేరినా, ప్లేట్‌లెట్లు లక్షకంటే తగ్గినా, కాలేయ ఎంజైములు మామూలు కంటే రెట్టింపైనా, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ రక్తంలో 1.1 మిల్లీగ్రాములు దాటినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, మాత్రకు లొంగని తలనొప్పి లేదా చూపు మసకబారడం మొదలైనా దాన్ని తీవ్రమైన ప్రీఎక్లాంప్సియాగా లెక్కిస్తారు.

ఈ జబ్బు సన్నగా ఉన్నవారికి కూడా వస్తుంది. అయితే గర్భానికి ముందే ఊబకాయం ఉన్నవారికి ముప్పు స్పష్టంగా ఎక్కువ. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె అయిన బీఎంఐ 5 నుంచి 7 పెరిగిన ప్రతిసారీ ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం సుమారు రెట్టింపవుతుందని, అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2003లో తేల్చింది. ఇక బిడ్డ విషయానికొస్తే, ఊబకాయం, తీవ్ర ప్రీఎక్లాంప్సియా రెండూ ఉన్న గర్భంలో బిడ్డ ఎలా ఉంటుందన్నది అన్నిటికంటే ఎక్కువగా ఎన్నో వారంలో పుట్టిందన్న దాని మీదే ఆధారపడుతుంది. బరువు బిడ్డకు నేరుగా కలిగించే ఇబ్బందులు ఉన్నాయి, వాటి గురించి కింద రాశాను. కానీ బరువు వల్ల జబ్బు రావడం, వచ్చిన జబ్బు సూచనలు బరువు చాటున దాగిపోవడం, కొలతలు తప్పడం, స్కానింగ్‌లో బిడ్డ సరిగా కనిపించకపోవడం, వీటన్నిటి వల్ల సమయం చేజారిపోవడమే ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. గర్భిణి, ఆమె కుటుంబం, ఆమెను చూసే నర్సు ఆ సమయాన్ని ఎలా కాపాడుకోవచ్చో చెప్పడానికే ఈ వ్యాసం. ఇది వైద్యుల సలహాకు ప్రత్యామ్నాయం కాదు. ఆ సలహాను సకాలంలో అడిగి తీసుకోవడానికి పనికొచ్చేది.

తొలి పరీక్షలోనే రాయించుకోవలసిన అంకెలు

గర్భం నిర్ధారణ అయిన వెంటనే జరిగే మొదటి పరీక్షలో ఎత్తు, బరువు కొలిచి బీఎంఐ రాయించుకోండి. బీఎంఐ అంటే కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె. ఉదాహరణకు 1.60 మీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్న స్త్రీ బీఎంఐ సుమారు 35. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 30 నుంచి ఊబకాయం మొదలవుతుంది. 35 దగ్గర రెండో తరగతి, 40 దగ్గర మూడో తరగతి. ఆసియా జనాభాలో ఇంతకంటే తక్కువ బీఎంఐ దగ్గరే ముప్పు పెరుగుతుంది కాబట్టి 23, 27.5 అంకెల దగ్గరే జాగ్రత్తపడాలని ఆ సంస్థ నిపుణులు 2004లో సూచించారు.

అదే రోజు బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో చక్కెర, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, కాలేయ ఎంజైముల పరీక్షలు కూడా చేయించుకుని ఆ ఫలితాలను భద్రపరచుకోవడం చాలా అవసరం. ఊబకాయం ఉన్నవారిలో కొందరికి గర్భానికి ముందే తెలియకుండా బీపీ ఉంటుంది, కాలేయంలో కొవ్వు ఉంటుంది, ఎంజైములు ముందునుంచే కాస్త ఎక్కువగా ఉంటాయి. తొలి వారాల అంకెలు చేతిలో లేకపోతే, 30వ వారంలో కనిపించిన మార్పు పాతదా కొత్తదా అన్నది ఎవరూ తేల్చలేరు. పాతదాన్ని కొత్తదిగా పొరబడితే బిడ్డను అవసరం లేకుండా ముందే బయటికి తీయవలసి రావచ్చు. కొత్తదాన్ని పాతదిగా పొరబడితే తల్లి ప్రాణానికే ముప్పు.

చేతికి సరిపోయే కఫ్

ఈ ఒక్క విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ప్రీఎక్లాంప్సియాలో వైద్యమంతా బీపీ అంకె మీదే నడుస్తుంది, ఆ అంకె కఫ్ మీద, అంటే బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే గాలి పట్టీ మీద ఆధారపడుతుంది, లావుపాటి చేతికి మామూలు కఫ్ చుట్టడం మాత్రం దాదాపు ప్రతిచోటా జరిగే పొరపాటు.

భుజం కొనకు, మోచేతికి సరిగ్గా మధ్యలో టేపుతో చేతి చుట్టుకొలత తీయండి. అది 27 నుంచి 34 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలు పెద్దల కఫ్ సరిపోతుంది. 35 నుంచి 44 వరకు పెద్ద సైజు కఫ్ కావాలి. 45 దాటితే అంతకంటే పెద్దది, తొడకు వాడే సైజు కావాలి. కఫ్ లోపల గాలి నిండే సంచి పొడవు చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం, వెడల్పు 40 శాతం ఉండాలన్నది సూత్రం. కఫ్ చుట్టాక దాని అంచు గీతల హద్దు దాటిపోయినా, గాలి ఎక్కుతుండగా అతుకు విడిపోతున్నా ఆ కఫ్ చిన్నదని అర్థం.

చిన్న కఫ్ బీపీని ఎక్కువ చేసి చూపుతుంది. ఎంత ఎక్కువ అన్నది 2023లో ప్రచురితమైన ఒక పరిశోధనలో తేలింది: అతి పెద్ద కఫ్ అవసరమైనవారికి మామూలు కఫ్ వాడినప్పుడు పై అంకె సగటున 20 దాకా ఎక్కువగా వచ్చింది. అంటే నిజంగా 142 ఉన్న అంకె 162గా కనిపించి, తీవ్రం కాని జబ్బు తీవ్రమైనదిగా రికార్డుకెక్కే ప్రమాదం ఉంది. దీనికి ఎదురు పొరపాటు ఇంకా చెడ్డది. 164 చూసిన మనిషి, చెయ్యి లావు కాబట్టి కఫ్ ఎక్కువ చూపిస్తోందిలే అనుకుని ఆ కాగితం పక్కన పెట్టేస్తే, నిజంగానే పెరిగిన బీపీ మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు. అంకె మీద సందేహం వస్తే చేయవలసిన పని ఒక్కటే: సరైన కఫ్ తెచ్చి, 15 నిమిషాల్లోపు మళ్లీ చూడటం. మంచి కఫ్ దొరికేదాకా ఎక్కువ అంకెనే నిజమని భావించి నడుచుకోవాలి.

భుజం దగ్గర బాగా లావుగా, మోచేతి దగ్గర సన్నగా ఉండే చేతులకు పెద్ద కఫ్ కూడా జారిపోతుంటుంది. అప్పుడు చివరి ప్రయత్నంగా ముంజేతికి కఫ్ చుట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచి కొలుస్తారు. ఆ అంకె భుజం దగ్గరి అంకెతో సరిగ్గా సమానం కాకపోవచ్చు కాబట్టి ఎక్కడ కొలిచారో తప్పనిసరిగా పక్కనే రాయాలి, తర్వాత ప్రతిసారీ అక్కడే కొలవాలి.

కొలిచే ముందు ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, కాలు మీద కాలు వేయకుండా, మాట్లాడకుండా కూర్చోవాలి. మూత్రం ఆపుకుని ఉండకూడదు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు పైనున్న చేతికి చూస్తే బీపీ తక్కువగా కనబడుతుంది. ఆ అంకెను నమ్మి ఇంటికి పంపడం ప్రమాదకరం. ఇంట్లో వాడే యంత్రం కొనేటప్పుడు అది గర్భిణుల్లో, వీలైతే ప్రీఎక్లాంప్సియా ఉన్నవారిలో పరీక్షించి ఆమోదించినదేనా అని చూడండి, ఎందుకంటే కొన్ని యంత్రాలు ఈ జబ్బులో అసలు బీపీ కంటే తక్కువ చూపుతాయి. కొన్న యంత్రాన్ని ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి, అక్కడి కొలతతో పోల్చుకోవడం మంచిది.

12వ వారం దాటకముందే అడగవలసిన మాత్ర

తక్కువ మోతాదు ఆస్పిరిన్ ప్రీఎక్లాంప్సియాను, ముఖ్యంగా నెలలు నిండకముందే వచ్చే రకాన్ని తగ్గిస్తుంది. తొలి మూడు నెలల్లో చేసిన పరీక్షల్లో ముప్పు ఎక్కువని తేలిన స్త్రీలకు రాత్రిపూట 150 మిల్లీగ్రాములు ఇచ్చిన ఆస్ప్రీ అధ్యయనంలో, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని 2017లో ప్రకటించారు. బిడ్డకు ఒక్కొక్క వారం ఎంత విలువైనదో తెలిసినవారికి ఈ ఫలితం బరువు అర్థమవుతుంది.

ఊబకాయం ఒక్కటే ఉంటే చాలా మార్గదర్శకాలు దాన్ని మధ్యస్థ ముప్పుగానే లెక్కిస్తాయి. దానికి మరొకటి తోడైతే, అంటే తొలి కాన్పు కావడం, వయసు 35 దాటడం, తల్లికో అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉండటం వంటివి ఏవైనా ఉంటే, ఆస్పిరిన్ మొదలుపెట్టాలని సూచిస్తాయి. గతంలో ప్రీఎక్లాంప్సియా వచ్చినా, ముందునుంచి బీపీ, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదే దాడిచేసే జబ్బు) వంటివి ఉన్నా, కవలలైనా ఏదో ఒక్కటి చాలు. 12 నుంచి 16 వారాల మధ్య మొదలుపెట్టినప్పుడే దీని మేలు పూర్తిగా దక్కుతుంది. మోతాదు దేశాన్ని, వైద్యుల పద్ధతిని బట్టి 75 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు ఉన్నవారు ఉంటారు కాబట్టి సొంతంగా వేసుకోకండి. కానీ మీకది అవసరమా అని 12వ వారంలోపే మీరే అడగండి. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండే జనాభాల్లో గర్భిణులకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాముల కాల్షియం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దాన్ని కూడా అదే రోజు అడిగి తెలుసుకోవచ్చు.

గర్భంలో బరువు ఎంత పెరగాలి

ఊబకాయం ఉన్న గర్భిణికి చుట్టూ ఉన్నవాళ్లు రెండు రకాల సలహాలిస్తారు. ఇద్దరి కోసం తినమని ఒకరు, ఇప్పుడైనా బరువు తగ్గమని ఇంకొకరు. రెండూ సరికాదు. బీఎంఐ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవారు మొత్తం గర్భకాలంలో 5 నుంచి 9 కిలోలు పెరిగితే చాలని అమెరికా వైద్య సంస్థ 2009లో సూచించింది. మామూలు బరువున్నవారికి అదే 11.5 నుంచి 16 కిలోలు. గర్భంలో కడుపు మాడ్చుకుని బరువు తగ్గాలని ప్రయత్నించడం బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదు. వైద్యులు వద్దనని పక్షంలో వారానికి 150 నిమిషాల నడక వంటి మోస్తరు వ్యాయామం చేయవచ్చు. చక్కెర పరీక్షను 24 నుంచి 28 వారాల మధ్య తప్పనిసరిగా చేయించుకోవాలి, బీఎంఐ ఎక్కువగా ఉన్నవారిలో ఇంకా ముందే చేయాలని వైద్యులు కోరవచ్చు.

ప్రీఎక్లాంప్సియాలో ఒక వారంలోనే ఒకటి రెండు కిలోలు హఠాత్తుగా పెరగడం కొవ్వు కాదు, నీరు. అందుకే వారానికోసారి ఒకే యంత్రం మీద, ఒకే సమయానికి బరువు చూసుకుని రాసిపెట్టుకోవడం ఉపయోగపడుతుంది.

బరువు మీదికి నెట్టివేసే సూచనలు

ఈ జబ్బు సూచనల్లో చాలా వాటికి ఊబకాయం ఉన్నవారి దగ్గర ఒక సులువైన సంజాయిషీ సిద్ధంగా ఉంటుంది. కాళ్లు వాస్తే బరువు వల్ల అంటారు. ఆయాసం వస్తే బరువు వల్లనే అంటారు. పొట్ట పైభాగంలో, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి వస్తే గ్యాస్ అని మాత్ర మింగుతారు. అది కాలేయం వాయడం వల్ల వచ్చిన నొప్పి కావచ్చు, ప్లేట్‌లెట్లు పడిపోయి ఎర్రరక్తకణాలు చితికిపోయే హెల్ప్ సిండ్రోమ్‌కు మొదటి సూచన కావచ్చు. వైద్య సిబ్బంది కూడా ఇదే పొరపాటు చేస్తారు, అది నిజంగా బాధాకరం, ఎందుకంటే లావుగా ఉన్న స్త్రీ తన బాధ చెప్పుకోవడానికి అప్పటికే సంకోచిస్తూ ఉంటుంది.

కాబట్టి 20 వారాల తర్వాత ఈ కిందివాటిలో ఏది కనిపించినా అదే రోజు, రాత్రైనా సరే, బీపీ, మూత్రం, రక్త పరీక్షలు జరిగి తీరాలి: పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు లేదా మచ్చలు, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, వాంతులు మళ్లీ కొత్తగా మొదలవడం, ముఖం, చేతులు హఠాత్తుగా వాయడం, వెల్లకిలా పడుకోలేనంత ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం. ఆసుపత్రిలో “లావు వల్లే” అన్న జవాబు వస్తే, “బీపీ పెద్ద కఫ్‌తో చూశారా? ప్లేట్‌లెట్లు, కాలేయం పరీక్షలు ఎలా ఉన్నాయి?” అని అడగడానికి మొహమాటపడకండి. అడిగేందుకు ఆమెకు ఓపిక లేకపోతే భర్తో తల్లో అడగాలి. అందుబాటులో ఉన్నచోట మాయ నుంచి విడుదలయ్యే రెండు పదార్థాల నిష్పత్తిని చూసే రక్తపరీక్ష కూడా సాయపడుతుంది. ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ అనే ఆ రెండింటి నిష్పత్తి 38 లేదా అంతకంటే తక్కువైతే వచ్చే వారంలో ప్రీఎక్లాంప్సియా బయటపడే అవకాశం చాలా తక్కువ.

లోపల బిడ్డను ఎలా గమనిస్తారు

ప్రీఎక్లాంప్సియాలో మూలం మాయలో ఉంటుంది. గర్భం తొలి నెలల్లో గర్భసంచి గోడలోని సన్నని రక్తనాళాలు వెడల్పై మాయకు ధారాళంగా రక్తం అందించాలి. అవి సరిగా వెడల్పు కాకపోతే మాయకు ప్రాణవాయువు చాలదు, అది తల్లి రక్తంలోకి విడుదల చేసే పదార్థాలు ఆమె రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఊబకాయంలో ఆ పొర ముందునుంచే ఒత్తిడిలో ఉంటుంది, శరీరం లోపల తక్కువ స్థాయి ఇన్‌ఫ్లమేషన్ (పైకి కనిపించని వాపు), ఇన్సులిన్‌కు లొంగనితనం ఉంటాయి, అందువల్ల మాయలో చిన్న లోపం ఉన్నా తల్లికి జబ్బు బయటపడుతుంది.

దీనివల్ల బిడ్డ మీద రెండు వ్యతిరేక శక్తులు పనిచేస్తాయి. మాయ లోపం బిడ్డ ఎదుగుదలను వెనక్కి లాగుతుంది, తల్లి రక్తంలో ఎక్కువగా ఉన్న చక్కెర, కొవ్వు ముందుకు తోస్తాయి. స్కానింగ్‌లో బరువు “నార్మల్” అని వచ్చిన బిడ్డ, నిజానికి ఇంకా పెద్దగా ఎదగవలసి ఉండి ఎదగలేకపోయిన బిడ్డ కావచ్చు. అందుకే ఒక్క స్కానింగ్ అంకె చూసి నిశ్చింతగా ఉండకూడదు. రెండు, మూడు వారాల ఎడంతో తీసిన స్కానింగుల్లో ఎదుగుదల గీత ఎలా సాగుతోందో, పొట్ట చుట్టుకొలత పెరుగుతోందో లేదో, బొడ్డుతాడు రక్తనాళంలో రక్త ప్రవాహం డాప్లర్ స్కానింగ్‌లో ఎలా ఉందో, ఉమ్మనీరు తగ్గుతోందో చూడాలి. పొట్ట మీద టేపు పెట్టి గర్భసంచి ఎత్తు కొలిచే పద్ధతి లావుపాటి పొట్ట మీద నమ్మదగినది కాదు. కొవ్వు మందం వల్ల స్కానింగ్ బొమ్మ కూడా మసకగా వస్తుంది, బరువు అంచనా తప్పవచ్చు. ఆ రోజు సరిగా కనబడలేదని రిపోర్టులో ఉంటే మళ్లీ రమ్మని ఎప్పుడు చెబుతారో అడిగి తెలుసుకోండి.

జబ్బు తీవ్రమైనప్పుడు: కాన్పు సమయం

ప్రీఎక్లాంప్సియాకు అసలైన చికిత్స కాన్పే, మాయ బయటికి రావడమే. 34 వారాలు దాటాక తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా ఉంటే తల్లిని స్థిమితపరచి కాన్పు చేయాలన్నది ఇప్పుడు విస్తృతంగా అనుసరించే నియమం. అంతకు ముందైతే, తల్లి, బిడ్డ స్థితి నిలకడగా ఉండి, తల్లికీ పుట్టిన బిడ్డకూ ఐసీయూ సదుపాయం ఉన్న ఆసుపత్రిలో ఉంటే మాత్రమే కొన్ని రోజులు వేచి చూడవచ్చు. బీపీ మందులకు లొంగకపోయినా, ఫిట్స్ వచ్చినా, హెల్ప్ సిండ్రోమ్, ఊపిరితిత్తుల్లో నీరు, మాయ విడిపోవడం, బిడ్డ గుండె లయలో ప్రమాద సూచనలు కనిపించినా ఎన్నో వారమన్నది చూడకుండా కాన్పుకు వెళ్తారు. ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న ఆసుపత్రిలో ఆగి ఉండటం కంటే నెలలు నిండని బిడ్డను చూసే ఎన్‌ఐసీయూ ఉన్న చోటికి బిడ్డ కడుపులో ఉండగానే చేరడం చాలా మేలు. పుట్టాక అంబులెన్స్‌లో తరలించవలసి వస్తే బిడ్డకు చలి, ఊపిరి, చక్కెర మూడూ ఒక్కసారే సమస్యలవుతాయి.

కుటుంబం ఆ సమయంలో నాలుగు విషయాలు ఆరా తీయాలి. బీపీ 160/110 ఉంటే 30 నుంచి 60 నిమిషాల్లోపు లేబెటలాల్, హైడ్రలజీన్, నిఫెడిపిన్ వంటి మందులతో దించుతున్నారా? ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారా? 33 దేశాల్లో 10 వేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2002లో ప్రచురితమైన మ్యాగ్‌పై అధ్యయనంలో ఈ మందు ఫిట్స్‌ను సగానికి పైగా తగ్గించింది. అధిక బరువున్నవారిలో గంటకు 1 గ్రాము చొప్పున ఎక్కించినప్పుడు రక్తంలో మందు కావలసిన స్థాయికి చేరకపోవచ్చు కాబట్టి మోతాదు గురించి వైద్యులు ప్రత్యేకంగా ఆలోచిస్తారు. మోకాలి దగ్గర తట్టి చూసే ప్రతిస్పందన, ఊపిరి వేగం, మూత్రం పరిమాణం గమనిస్తూ ఉంటారు. మూడోది, బిడ్డ ఊపిరితిత్తులు పక్వమయ్యే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. బీటామెథసోన్ అయితే 24 గంటల ఎడంతో 12 మిల్లీగ్రాములు రెండుసార్లు ఇస్తారు, న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హౌయీ 1972లో దీని మేలును చూపిన నాటి నుంచి నెలలు నిండని బిడ్డలను కాపాడిన అతి ముఖ్యమైన చికిత్సల్లో ఇది ఒకటి. ఇవి తల్లి చక్కెరను కొన్ని రోజులు పెంచుతాయి, మధుమేహం ఉంటే చక్కెర తరచుగా చూడాలి. నాలుగోది, 32 వారాల లోపు కాన్పు కాబోతుంటే మెగ్నీషియం బిడ్డ మెదడుకు కూడా రక్షణ ఇస్తుంది, మెదడు దెబ్బతిని కదలికలు దెబ్బతినే సెరిబ్రల్ పాల్సీని తగ్గిస్తుంది.

ఊబకాయం ఉన్నవారికి మత్తుమందు డాక్టర్ ముందుగానే వచ్చి చూడటం అవసరం. వెన్నుకు సూది పెట్టడానికి ఎక్కువ సమయం పడుతుంది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే వెన్ను మత్తు కుదరదు, అత్యవసరంగా పూర్తి మత్తు ఇవ్వాలంటే వాపుతో ఇరుకైన గొంతులో గొట్టం వేయడం కష్టం. ఆపరేషన్ గదిలో కోల్పోయే ఆ నిమిషాలు బిడ్డవి.

పుట్టిన తొలి గంటలు

ఇలాంటి గర్భం నుంచి పుట్టిన బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోవడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి: నెలలు నిండకపోవడం, ఎదుగుదల తగ్గడం, తల్లికి మధుమేహం ఉండటం, తల్లికిచ్చిన లేబెటలాల్. ఈ బిడ్డ ఏడవకపోవచ్చు, ఊరికే మగతగా పడుకుని ఉండవచ్చు. మడమకు సూదితో గుచ్చి ఒక చుక్క రక్తంతో చక్కెర చూడటం పుట్టిన తొలి ఒకటి రెండు గంటల్లో మొదలై, మొదటి రోజంతా పాలు పట్టే ముందు కొనసాగాలి. తల్లికి మెగ్నీషియం ఎక్కించి ఉంటే బిడ్డ ఒళ్లు వదులుగా, చప్పరించే బలం తక్కువగా ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది, అంతదాకా ఊపిరిని గమనించాలి. బిడ్డ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు తగ్గి ఉండవచ్చు, అవి చాలామందిలో కొద్ది రోజుల్లో వాటంతటవే పెరుగుతాయి, అయినా రక్తపరీక్ష చేసి చూడాలి. ఎగశ్వాస, మూలుగు, ముక్కుపుటాలు ఎగరడం కనిపిస్తే ఊపిరితిత్తులు తెరుచుకునే మందు, ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్ వంటి సాయం కావాలి.

పాల విషయం ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఊబకాయం ఉన్న తల్లులకు పాలు పడటం సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, దానికి సిజేరియన్, బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉండటం తోడవుతాయి. తల్లి స్పృహలో ఉండి, ఓపిక ఉంటే తొలి ఆరు గంటల్లోపే చేత్తో రొమ్మును మెల్లగా నొక్కి ముర్రుపాలు తీయడం మొదలుపెట్టాలి. మొదటిసారి రెండు మూడు చుక్కలే రావచ్చు. వాటిని సూది లేని చిన్న సిరంజిలోకి పీల్చి, పేరు, సమయం రాసి ఎన్‌ఐసీయూకి పంపితే నర్సు బిడ్డ బుగ్గల లోపల రాస్తుంది. రోజుకు కనీసం ఎనిమిది సార్లు, రాత్రి ఒకసారితో సహా, ఇలా తీస్తూ ఉంటే పాలు పడతాయి. పాలు రాలేదని మొదటి రోజే ఆమెను నిందించేవారిని దయచేసి గదిలోకి రానీయకండి. బీపీకి వాడే లేబెటలాల్, నిఫెడిపిన్, ఎనలప్రిల్ పాలిచ్చే తల్లులకు వాడవచ్చు. 2.5 కిలోల లోపు బిడ్డలను పుట్టిన వెంటనే తల్లి ఛాతీకి చర్మం తగిలేలా పట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. తల్లి ఐసీయూలో ఉంటే తండ్రి కూడా ఆ పని చేయవచ్చు.

అధ్యయనాలను ఎలా చదవాలి

తల్లి ఊబకాయం వల్ల తీవ్ర ప్రీఎక్లాంప్సియాలో బిడ్డకు అదనపు నష్టమేమీ లేదని ఒక అధ్యయనం, చాలా ఉందని మరో అధ్యయనం చెప్పడం చూసి చాలామంది అయోమయపడతారు. అలాంటి వార్త చదివినప్పుడు మొదట చూడవలసింది, అధ్యయనంలో ఎవరిని పోల్చారన్నది. తీవ్ర ప్రీఎక్లాంప్సియా వచ్చినవారిని మాత్రమే తీసుకుని, వారిలో లావుగా ఉన్నవారిని సన్నగా ఉన్నవారితో పోల్చితే ఒక చిక్కు ఉంది. సన్నని స్త్రీకి ఆ జబ్బు తీవ్రంగా రావాలంటే మాయలో పెద్ద లోపమో, మూత్రపిండాల జబ్బో, లూపస్ వంటిదో ఏదో బలమైన కారణం ఉండి ఉండవచ్చు. ఆ కారణాలు బిడ్డకు సొంతంగా హాని చేస్తాయి. వారి పక్కన పెట్టి చూస్తే ఊబకాయం హాని లేనిదిగా, ఒక్కోసారి మేలు చేసేదిగా కూడా కనబడుతుంది. గర్భిణులందరినీ కలిపి చూస్తే ఆ జబ్బును తెచ్చిన కారణాల్లో ఊబకాయమే ముందు వరుసలో ఉందన్నది ఆ పోలికలో కనుమరుగవుతుంది.

రెండోది, గర్భం వయసును లెక్కలో ఎలా సరిచేశారన్నది. ఒకే వారంలో పుట్టిన బిడ్డలను మాత్రమే పోల్చితే, నెలలు నిండకముందే పుట్టడం వల్ల జరిగిన నష్టమంతా లెక్కలోంచి పోతుంది. ఆ ఫలితం తప్పని కాదు, అది వేరే ప్రశ్నకు జవాబు. ఎన్‌ఐసీయూలో చేర్చారన్న అంకె ఆసుపత్రి పద్ధతిని బట్టి మారుతుంది. పుట్టిన ఐదో నిమిషంలో బిడ్డ స్థితికి ఇచ్చే ఆప్గార్ మార్కులు 7 కంటే తక్కువ ఉండటం, బొడ్డుతాడు రక్తంలో ఆమ్లత్వం, మరణాలు వంటివి అంతకంటే గట్టి కొలమానాలు. మధుమేహాన్ని విడిగా లెక్కించారా, బీఎంఐని గర్భానికి ముందు కొలిచారా లేక కాన్పు రోజునా అన్నది కూడా చూడాలి, ఎందుకంటే కాన్పు రోజు బరువులో జబ్బు తెచ్చిన నీరు కలిసి ఉంటుంది.

కాన్పు తర్వాత, మళ్లీ గర్భానికి ముందు

బీపీ చాలామందిలో కాన్పైన 3 నుంచి 6 రోజుల మధ్య అత్యధికంగా ఉంటుంది, అంటే సరిగ్గా ఇంటికి పంపే రోజుల్లో. మెగ్నీషియం సాధారణంగా కాన్పు తర్వాత 24 గంటలు కొనసాగిస్తారు. తీవ్రమైన జబ్బు వచ్చినవారికి మూడు రోజుల్లోపు ఒకసారి, 7 నుంచి 10 రోజుల మధ్య మరోసారి బీపీ చూడాలి, చూసేది పెద్ద కఫ్‌తోనే. ఆరు వారాల లోపు తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ మొట్టమొదట చెప్పవలసిన మాట ఇటీవలే కాన్పైందని, ప్రీఎక్లాంప్సియా వచ్చిందని. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఊబకాయం, సిజేరియన్ రెండూ ఉన్నవారిలో ఎక్కువ కాబట్టి ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెడితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి తర్వాతి జీవితంలో గుండె జబ్బు ముప్పు సుమారు రెట్టింపు, కాబట్టి ఏడాదికోసారి బీపీ, చక్కెర, కొలెస్టరాల్ చూపించుకోవాలి. రెండు గర్భాల మధ్య బరువు తగ్గితే తర్వాతి గర్భంలో ఈ జబ్బు మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది. బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకుంటే గర్భానికి కనీసం 12 నుంచి 18 నెలలు ఆగమని వైద్యులు చెబుతారు. బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు వాడుతుంటే గర్భానికి కనీసం రెండు నెలల ముందు ఆపాలి. బీఎంఐ 30 దాటినవారికి కొన్ని దేశాల మార్గదర్శకాలు గర్భానికి నెల ముందు నుంచే రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆసిడ్ సూచిస్తాయి, బిడ్డ వెన్నెముక లోపాలను నివారించడానికి. పాత కాన్పు కాగితాలను, అందులో ఎన్నో వారంలో జబ్బు మొదలైంది, ఏ కఫ్ వాడారు, ప్లేట్‌లెట్లు ఎంతకు పడ్డాయి, బిడ్డ పుట్టినప్పుడు బరువెంత అన్న వివరాలతో, ఒక ఫైలులో ఉంచి తర్వాతి గర్భం తొలి పరీక్షకే తీసుకెళ్లండి.